సగం టికెట్టుతో ఏనుగు దగ్గరికి

అరవై ఏళ్ళు నిండిన మనిషికి ఏం దక్కుతుంది? మోకాళ్ళ నొప్పి, చత్వారం, మనవల దగ్గర లోకువ. వీటికి తోడు సగం టికెట్టు కూడా దక్కుతుందని ఆశపడ్డవాణ్ణి నేను. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేశాను. పాసు పట్టుకుని ఎక్కే ముసలాళ్ళని చూసి, వీళ్ళకేం, హాయి అని లోపల్లోపల కుళ్ళుకున్న రోజులున్నాయి. తీరా నా వంతు వచ్చేసరికి రైల్లో పెద్దవాళ్ళకిచ్చే రాయితీ ఎత్తేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆమదాలవలస స్టేషన్లో టికెట్టు తీసుకునే ప్రతిసారీ అద్దం వెనకున్న కుర్రాణ్ణి ఏదో ఒకటి అని గాని కదలను. అతను పాపం నవ్వి ఊరుకుంటాడు.

అందుకే, ఒడిశాలో ఒక నేషనల్ పార్కులో అరవై దాటినవాళ్ళకి సగం ధరకే పాసు ఇస్తున్నారని, నాతో పనిచేసి రిటైరైన డ్రైవరు ఫోన్లో చెప్పగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి. సెలవులు కాని రోజుల్లో వెళ్తే ఆ పాసు మీదే వ్యానులో తిప్పుతారట. గైడుని కూడా వాళ్ళే ఇస్తారట. ఏనుగుల్ని దగ్గర్నుంచి చూపిస్తారట. మా ఆవిడ పక్కనుంచి వింటూ, "చవగ్గా వస్తాదంటే ఫినాయిలైనా తాగుతారు మీరు. ఇప్పుడు మీకు ఏనుగులెందుకు?" అంది. ఆవిడన్నదీ నిజమే. నాకు ఏనుగులక్కర్లేదు. కానీ ఆ మాట చెవిన పడగానే నాకు మా అప్ప గుర్తొచ్చింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పని పార్వతీపురం దాటాక, నాగావళి అవతల కొండల వారన ఉన్న ఊరికిచ్చారు. అప్పట్లో అదంతా విజయనగరం జిల్లా. ఇప్పుడు జిల్లా పేరు మారింది గాని ఊరేం మారలేదు. బావకి అరటి తోట ఉండేది, కాస్త చెరుకు, కింద వరి మడి. నేను డ్యూటీ మీద ఒడిశా వైపు వెళ్తుంటే రోడ్డు మీద నిలబడి బస్సాపేవాడు. డ్రైవరుకీ నాకూ అరటిపళ్ళిచ్చి, "మా బావమర్దికి లెక్కలు రావు, సిల్లర సూసుకోండి బాబూ!" అని బస్సంతా వినేలా అరిచేవాడు. బస్సులో జనం నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆ అరుపు వినాలని ఎంత ఉందో నాకే తెలుసు.

ఏనుగులు మా వైపు మొదట్నుంచీ లేవు. ఒడిశా కొండల్లోంచి ఒక గుంపు దిగి, నాగావళి పక్క తోటల్లో తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తిరుగుతోంది. మొదట్లో మావాళ్ళు భయపడలేదు. అదే వాళ్ళు చేసిన పొరపాటు. ఏనుగని కూడా అనేవారు కాదు, సామి అనేవారు. పొద్దున్నే పొలం వెళ్ళి, మడిలో అంతేసి పాదం గుర్తు కనిపిస్తే దాని చుట్టూ పసుపు చల్లి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. చెరుకంతా తొక్కేసినా 'సామి తిన్నాడు, సామే ఇస్తాడు' అనుకునేవారు. అటవీ శాఖ వాళ్ళు జీపులో వచ్చి, దగ్గరికెళ్ళొద్దని మైకులో మరీ చెప్పేవారు. వీళ్ళు బుద్ధిగా తలూపి, జీపు మలుపు తిరగ్గానే పళ్ళు పట్టుకుని బయల్దేరేవారు. నేనూ ఒకసారి అప్ప ఇంటికెళ్ళినప్పుడు ఆ పాదం గుర్తుకి దండం పెట్టినవాణ్ణే. నాకు మాత్రం ఏం తెలుసు?

మా మేనల్లుడి భార్య పురిటికి పుట్టింటికెళ్ళింది. ఆడపిల్ల పుట్టిందని ఒక సాయంత్రం ఫోనొచ్చింది. అప్పకీ బావకీ ఒక్కడే కొడుకు. ఆ ఇంట్లో ఆడపిల్ల తిరగాలని బావకి ఎప్పట్నుంచో కోరిక. నాకు ఫోన్ చేసి, "ఒరే, మాలచ్చిమి పుట్టినాదిరా! నువ్వు తాతవైపోనావు, ఇంక మీసాలకి రంగేసుకోకు," అని ఒకటే కేకలు.

మర్నాడు తెల్లవారేసరికి తోట చివర ఒక ఒంటి ఏనుగు నిలబడి ఉంది. మనవరాలు పుట్టిందని సామి దీవించడానికొచ్చాడనుకున్నాడు బావ. అప్ప గబగబా గెల దగ్గరికెళ్ళి పండిన పళ్ళ అత్తం ఒకటి కోసి ఆయన చేతికిచ్చింది. బావ దాన్ని తీసుకెళ్ళి గట్టు మీద పెట్టాడు. పెట్టి, రెండు చేతులూ తలపైకెత్తి దండం పెట్టాడు. ఏనుగు మీదకొచ్చింది. అప్ప వెనక పాక దగ్గర నిలబడి అంతా చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మనవరాలి ముఖం చూడకుండానే బావ పోయాడు.

ఊళ్ళో వాళ్ళు వచ్చి, వినాయకుడే తీసుకుపోయాడన్నారు, పుణ్యాత్ముడన్నారు. అలాంటి చావు ఎవరికి దొరుకుతుందన్నారు. నాకు ఆ మాట అన్నవాళ్ళని లాగి కొట్టాలనిపించింది. దానికన్నా పెద్దది దినం నాడు జరిగింది. వరసకి పెద్దమ్మ అయ్యే ఒక ముసలావిడ భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ, "ఇంట్లో పురుడెట్టుకుని సామికి పళ్ళెట్టడమేటే? మైల సేత్తో కోసిన పళ్ళు సామి ముట్టుకుంతాడేటి?" అంది. ఎక్కడో పుట్టింట్లో పుట్టినా, బిడ్డ పుట్టిన ఘడియ నుంచీ తండ్రి తరపు వాళ్ళకి పురుడే. అది కడుక్కునేదాకా దేవుడికి దీపం కూడా పెట్టరు. ఆ సంతోషంలో అప్పకి ఆ సంగతే గుర్తు రాలేదు.

అంతే, ఆ ఒక్క మాట పట్టుకుంది మా అప్ప. ఇంక వదల్లేదు.

కోడలు బిడ్డనెత్తుకుని అత్తారింటికొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. అప్ప గుమ్మంలో దిష్టి తీసింది. కోడలు బిడ్డని అందించబోతే రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడే అనుకున్నాను, దుఃఖంలో ఉంది, సర్దుకుంటుందిలే అని. సర్దుకోలేదు. పిల్ల పాకింది, నడిచింది, బడికెళ్ళింది. అప్ప ఒక్కసారీ ముట్టుకోలేదు. అలాగని ఆ పిల్ల మీద ప్రేమ లేదా అంటే, ఊళ్ళో ఎవరింట్లో పాడి ఉంటే వాళ్ళింటికెళ్ళి దానికోసం పాలు తెచ్చేది. జ్వరమొస్తే తెల్లార్లూ గుమ్మం బయట కూర్చునేది. నువ్వుల చిమ్మిలి దంచి ఉండ చేసి, అరుగు మీద పెట్టి తను పక్కకి జరిగేది. అప్పుడు ఆ పిల్ల వచ్చి తీసుకునేది. అదేదో ఆట కాబోలనుకుంది కొన్నాళ్ళు. తర్వాత ఆట కాదని దానికీ తెలిసిపోయింది.

కోడలు మాత్రం వేరేగా అనుకుంది. పుట్టగానే తాతని మింగేసిన పిల్ల అని అత్తగారు అసహ్యించుకుంటోందనుకుంది. ఏ తల్లైనా అలాగే అనుకుంటుంది. ఒక రోజు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు కోపమొచ్చి అప్పని నిలదీశాను. "ఆ పసిగుంట నీకేం చేసిందప్పా? రాక్షసివా నువ్వు?" అన్నాను. నోరు జారానని అనగానే తెలిసింది.

అప్ప నా వైపు చూసి, "ఈ సేతుల్తోనే కోసిచ్చినాన్రా ఆ పళ్ళు," అంది. "మైల సేతులివి. ఆయన్నైతే పట్టుకుపోనాడు సామి. కోపం తీరినాదో నేదో ఎవులికి తెలుసు? ఈ సేతుల్తో ఆ గుంటనెత్తుకుంటే, దాని మీదకొస్తే? సామికాడ తప్పొప్పుకోకుండా నానెలగ ముట్టుకుంతాను?"

వినాయకుడి గుళ్ళో ఒప్పుకోవచ్చు కదా అన్నాను. ఒప్పుకుందట. రామతీర్థం వెళ్ళి రాములవారికీ చెప్పుకుందట. "రాతి సామి ఏటీ అనడ్రా. నాను తప్పు సేసింది ఊపిరున్న సామికి. ఆయన ముందే నిలబడి సెప్పాల," అంది. ఇది మాట వరసకన్నది కాదు. అంతకు ముందే ఒకసారి గుంపు ఏటి ఒడ్డుకొచ్చిందని విని ఒక్కర్తీ బయల్దేరిందట. అటవీ శాఖ తరపున కాపలా తిరిగే వాళ్ళు చూసి వెనక్కి తెచ్చారు. మేనల్లుడు గోల గోల చేశాడు. మళ్ళీ వెళ్ళదని ఎవరూ చెప్పలేకపోయారు. బావ పోయినట్టే అప్ప కూడా పోతుందని నాకు రోజూ భయమే.

అందుకే నేషనల్ పార్కు పాసు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఏనుగు ఉంటుంది. కందకం ఉంటుంది, కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది. చెప్పుకోవలసింది చెప్పుకుని ఇంటికొచ్చి పిల్లనెత్తుకుంటుంది. పీడా పోతుంది. అప్పకి ఫోన్ చేసి చెప్పాను.

"బోనులో ఉన్న సామా?" అంది.

"బోను కాదప్పా. అడివే. మనమే వ్యానులో ఉంటాం."

"నా లాటి ముసల్దాన్ని రానిస్తారేటి?"

"ముసలాళ్ళకయితేనే సగం టికెట్టు," అన్నాను గర్వంగా. ఆ టికెట్టు నేనే చింపి ఇస్తున్నట్టు.

అప్ప బస్సులో ఆమదాలవలస వచ్చింది. సంచీలో పసుపు, కుంకం, కర్పూరం, కొబ్బరికాయ, తమ తోటలో పండిన అరటిపళ్ళు. ఈసారి ఇంట్లో పురుడు గాని మైల గాని ఏమీ లేదని, దగ్గరి జ్ఞాతుల ఇళ్ళల్లో కూడా అడిగి మరీ కోసిందట. ఆ మాట చెప్తున్నప్పుడు నా వైపు చూడలేదు. రైలెక్కాం. కోటబొమ్మాళి దాటేదాకా ఏదో మాట్లాడింది గాని, తర్వాత ఊరుకుంది. పెదవులు కదులుతున్నాయి. సామికి చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటోందని నాకర్థమైంది. చిన్నప్పుడు నేను ఎక్కాలు వల్లె వేస్తుంటే తప్పు పట్టుకుని నెత్తి మీద మొట్టిన మనిషి. ఇప్పుడామె తప్పు చేసిన బడిపిల్లలా కిటికీ పక్కన కూర్చుంది. చూడలేక నేను టీ తాగే నెపంతో తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

పార్కు గేటు దగ్గర కౌంటర్లో ఆధార్ కార్డులిచ్చాం. లోపలి మనిషి కార్డు చూసి, మా ముఖాలు చూసి, రెండు పాసులు చేతిలో పెట్టాడు. అరవై దాటాక నాకు దక్కిన మొదటి సగం టికెట్టు అది. అంత బాధలోనూ సంతోషించాను, అబద్ధమెందుకు. ఆ సంతోషం సంచీ సోదా చేసేదాకానే. కొబ్బరికాయ, కర్పూరం, పళ్ళు అన్నీ తీసి పక్కన పెట్టించారు. జంతువులకి బయటి తిండి పెట్టకూడదట. నేను గొంతు పెంచాను. ఒడియా నాకు బస్సులో వచ్చిన ఒడియా, అంటే తిట్లు బాగా వచ్చు. అప్ప నా చొక్కా పట్టుకుని లాగి, "ఒల్లకోరా. సామికాడికి తగువాడి ఎల్తావేటి?" అంది. ఊరుకున్నాను.

వ్యానులో అందరూ మా ఈడు వాళ్ళే. మోకాళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు, ఎక్కాక ఆయాసపడేవాళ్ళు. గైడు ఒక ఆడపిల్ల, ఖాకీ యూనిఫాంలో ఉంది. అప్ప మనవరాలు పెద్దదైతే ఇలాగే ఉంటుందనిపించింది. ఒకసారి హిందీలో, ఒకసారి ఒడియాలో చెప్తోంది. అప్పకి రెండూ రావు. నేను చెవి దగ్గర చెప్తూ పోతున్నాను. అదిగో జింకలు, అదిగో నెమలి, ఈ చెట్టు పేరు ఇది.

ఏనుగులుండే వైపు మళ్ళే ముందు ఆ పిల్ల వ్యాను ఆపించింది. మీలో చాలామంది అడవి పక్క ఊళ్ళ నుంచి వచ్చి ఉంటారు, ఏనుగు ఎదురుపడితే ఏం చెయ్యకూడదో చెప్తాను వినండి, అంది. పరిగెత్తకూడదంది. దగ్గరికి అసలు వెళ్ళకూడదంది. తర్వాత రెండు చేతులూ జోడించి తలపైకెత్తింది. ఎత్తి, తల అడ్డంగా ఊపింది. చాలామంది దేవుడని ఇలా దండం పెడతారు, అస్సలు పెట్టకండి, చేతులు పైకి లేస్తే దాన్ని కొట్టడానికే అనుకుంటుంది, కదలకుండా నిలబడి మెల్లగా వెనక్కి జరిగితే చాలాసార్లు దాని దారిన అది పోతుంది, అంది.

తోట గట్టు మీద బావ అలాగే నిలబడి ఉంటాడు. అచ్చం అలాగే.

"ఏటంతంది?" అంది అప్ప.

దండం పెట్టకపోతే ఆయన బతికి ఉండేవాడని ఏ నోటితో చెప్పను? భక్తే ఆయన్ని చంపిందని, పాక దగ్గర నిలబడి చూసిన మనిషికి ఎలా చెప్పను?

"కేకలెయ్యొద్దంటోంది అప్పా. ఏనుగులు బెదిరిపోతాయట," అన్నాను.

అప్ప తలూపింది. వ్యాను కదిలింది.

కందకం అవతల ఒక ఆడ ఏనుగు, దాని కాళ్ళ దగ్గర పిల్ల ఏనుగు. తల్లి కొమ్మ విరిచి తాపీగా నములుతోంది. మా వ్యాను కేసి ఒకసారి చూసి మళ్ళీ తన పనిలో పడింది. అందరినీ కంచె దాకా దింపారు. ఫోన్లు పైకి లేచాయి. అప్ప మాత్రం అందరికీ ఎడంగా, కంచె చివరికెళ్ళి నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. కొంగు ముడి విప్పింది. గేటు దగ్గర వాళ్ళకి దొరక్కుండా కొంచెం పసుపు ముడి వేసుకుని తెచ్చుకుంది. అది నేల మీద చల్లింది. చెప్పులు విడిచింది. ఏనుగు కేసి చూస్తూ, "సామీ" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. దండం పెట్టడానికి చేతులు లేచాయి. గుండెల దాకా వచ్చి ఆగిపోయాయి.

నా వైపు తిరిగింది.

"ఒరే. ఆ పిల్ల సేతులెత్తి సూపించి తల అడ్డంగా ఊపినాది. కేకలెయ్యొద్దనడానికి సేతులెందుకెత్తినాదిరా?"

టికెట్టు లేనివాణ్ణి ముఖం చూసి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ రోజు నా ముఖం చూసి అప్ప పట్టేసింది. ఇంక దాచలేకపోయాను. ఆ పిల్ల చెప్పిన మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. అప్ప ఏడవలేదు. "ఆ పిల్లని పిలు," అంది. "అడుగు. మైల సేత్తో పళ్ళెడితే కోపమొస్తాదా దీనికి, అడుగు."

నాకొచ్చిన ఒడియాలో బావ సంగతీ, పురుడు సంగతీ, అప్ప చేతుల సంగతీ అంతా చెప్పాను. ఆ పిల్ల మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత కళ్ళు నీళ్ళతో నిండాయి. అప్ప రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఏనుగుకి మైలంటే తెలీదమ్మా, పురుడంటే తెలీదు, అంది. ఊళ్ళల్లో జనం దాని మీద రాళ్ళు వేస్తారు, మంటలు విసురుతారు, అందుకే మనిషి చేతులు పైకి లేస్తే దానికి భయం, అంతే, ఇంకేమీ లేదు, అంది. ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా అప్పకి చెప్పాను.

"అంతేనా?" అంది అప్ప.

"అంతేనట."

"అయితే పురుడు కాదు."

"కాదప్పా."

ఏనుగు కేసి చూసింది. చల్లిన పసుపు కేసి చూసింది. ఒక్కసారిగా, "నీ జిమ్మడిపోను!" అని అరిచింది. కంచె దగ్గరున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. "దండమెట్టినోడికీ రాయేసినోడికీ తేడా తెల్దేటే నీకు? పళ్ళట్టుకొచ్చినాడే నా మొగుడు! మనవరాలు పుట్టినాదని అట్టుకొచ్చినాడే! నువ్వు సామివేటి? నీకేటి తెలుసు? నీకేటీ తెల్దు!" ఏనుగు చెవులు విసురుకుంటూ కొమ్మ నములుతూనే ఉంది. అప్ప కంచె పట్టుకుని కిందికి జారిపోయింది. బావ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. అప్పుడు ఒక దేవుడు, ఒక తప్పు, ఒక కారణం ఉన్నాయి. ఇప్పుడు ఏదీ లేదు. ఉత్తినే పోయాడు.

తిరుగు రైల్లో చాలాసేపు ముసుగు పెట్టుకుని పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఒడిశా దాటి మన వైపు వచ్చాక లేచి కూర్చుంది.

"ఒక్కసారీ ఎత్తుకోనేదురా దాన్ని," అంది. "ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఏడుస్తంటే నాను గుమ్మంలో నిలబడి కోడలికి కేకేసినాను గాని, సెయ్యెయ్యనేదు. నలుగెట్టనేదు. జడెయ్యనేదు. ఒంటి వాసనెలగుంతాదో నాకు తెల్దు."

"ఇప్పుడెత్తుకో అప్పా. ఏం మించిపోయింది?"

"ఎత్తుకుంటే కాళ్ళు నేలకి తగుల్తాయిరా ఇప్పుడు," అంది.

 

ఆమదాలవలసలో దిగి నా దారిన నేను పోతే బాగుండదనిపించింది. ఊరిదాకా నేనూ వెళ్ళాను. మేం వెళ్ళేసరికి సాయంత్రం. కోడలు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పిల్ల అప్పుడే బడి నుంచొచ్చి సంచీ భుజానే ఉంచుకుని నిలబడింది. నేను కోడలితో ముందుగా అంతా చెప్దామనుకున్నాను. అప్ప ఆగలేదు. కాళ్ళయినా కడుక్కోలేదు. వాకిట్లోనే నిలబడి రెండు చేతులూ ముందుకు చాపింది.

"రాయే గుంటా," అంది. "నాకాడికి రాయే."

పిల్ల కదల్లేదు. తల్లి కేసి చూసింది. కోడలికీ ఏమీ పాలుపోలేదు. ఇన్నేళ్ళలో అత్తగారు ఆ పిల్లని దగ్గరికి పిలవడం ఆవిడ విననే లేదు. పిల్ల ఏం తప్పు చేసిందో, ఏం మీదికొచ్చిందో అనుకుందో ఏమో, చేతిలో చేట పక్కన పెట్టి, భయం భయంగా, "ఎల్లమ్మా. నాన్నమ్మ సామిని సూసొచ్చినాది. దండమెట్టు," అంది.

పిల్ల మెల్లగా వచ్చింది. అప్పకి చెయ్యి అందేంత దూరంలోనే ఆగిపోయింది. అంతకన్నా దగ్గరికి రావడం దానికి అలవాటు లేదు. అక్కడే నిలబడి రెండు చేతులూ జోడించి, తలపైకెత్తి దండం పెట్టింది.

"దండమొద్దే!" అని అప్ప గొంతు చించుకుని అరిచి, మోకాళ్ళ మీద కూలబడిపోయింది. "దండమొద్దే తల్లీ, దండమొద్దే!"

తను చేసిన తప్పేమిటో తెలియక, ఆ పిల్ల ఎత్తిన చేతులు దించకుండా అలాగే నిలబడిపోయింది.